కాలువకు ఇవతల నిప్పు లేదు

ముందే చెప్పేస్తున్నాను, నేను పెంచి చెబుతాను. నా మాటల్లో పిల్లి వస్తే అది మీ ఇంట్లో తిరిగే పిల్లంత ఉంటుందనుకోకండి, పెయ్యదూడంత ఉంటుంది. జ్వరం వచ్చిందని నేనంటే మా ఆవిడ నుదుటి మీద చెయ్యి వేసి చూడదు, పెరుగన్నం కలిపి పెడుతుంది. అంత నమ్మకం నా మీద.

చక్కెర ఫ్యాక్టరీలో ఫీల్డ్‌మ్యాన్‌గా చేసి, జుట్టు పూర్తిగా నెరవకముందే స్వచ్ఛంద విరమణ తీసుకుని అనకాపల్లిలో అరుగెక్కి కూర్చున్నాను. ఎండల గురించి, వానల గురించి, రైతుకి ఏం చెప్పాలన్న దాని గురించి కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అడుగుతుంటే రాస్తున్నాను. చదివేటప్పుడు జనాన్ని కొంచెం తగ్గించుకోండి. నా తెలివిని బాగా తగ్గించుకోండి. మిగిలింది నిజం. ఒక్కచోట మాత్రం పూర్తిగా కల్పించాను. అదెక్కడో చివర చెబుతాను, ఈలోగా పట్టుకోగలిగితే పట్టుకోండి.

ఉద్యోగం అంటే

ఫీల్డ్‌మ్యాన్ అంటే ఫ్యాక్టరీకీ రైతుకీ మధ్య వారధి అని చేరిన రోజున చెప్పారు. వారధి అంటే అందరూ తొక్కి వెళ్ళేది అని చేరాక తెలిసింది. ఫ్యాక్టరీ మీద కోపం వచ్చిన రైతుకి ఫ్యాక్టరీ దొరకదు, ఫీల్డ్‌మ్యాన్ దొరుకుతాడు. రైతు మీద కోపం వచ్చిన ఆఫీసరుకి రైతు దొరకడు, మళ్ళీ ఫీల్డ్‌మ్యానే దొరుకుతాడు. ఇద్దరి చేతా తిట్లు తిని, మధ్యాహ్నం ఎవరింట్లోనో అంబలి తాగి, సాయంత్రానికి ప్రాణంతో ఇల్లు చేరడమే ఉద్యోగం.

నాకొక మోపెడ్ ఇచ్చారు. నాతవరం దారిలో ఎత్తు వస్తే నేను దాన్ని ఎక్కించేవాడిని. పల్లం వస్తే అది నన్ను దింపేది, ఎక్కువసార్లు పక్క పొలంలోకి.

ఇది రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. ఊరు చీడికాడ వైపు. పేరు చెప్పను, చెబితే ఊరంతా వచ్చి నా కథలో తమ భాగం సరిపోలేదని దెబ్బలాడతారు. అప్పటికే ఎండల తీరు మారిపోయింది. మా చిన్నప్పుడు మే నెలలో చుట్టంలా వచ్చి వెళ్ళే ఎండ, మార్చిలోనే పెట్టేబేడాతో దిగి, జులై దాటినా కదిలేది కాదు. కాకులు రోడ్డు మీద వాలి, కాళ్ళు కాలి, నా మోపెడ్ నీడలో పరుగెత్తేవి.

మీలో చెరకు తెలియని వాళ్ళుంటారు కాబట్టి రెండు ముక్కలు చెబుతాను. చెరకు నరికాక దుబ్బు భూమిలోనే ఉంటుంది, దానినుంచి మళ్ళీ పిలకలొస్తాయి. అలా వచ్చిన రెండో పంటని కార్శి తోట అంటారు. విత్తనం ఖర్చు లేదు, దుక్కి లేదు, చిన్న రైతుకి అదే ఆసరా. అయితే నరికిన తరువాత తోటలో మోకాలెత్తున ఎండాకు మిగులుతుంది. దానికి అగ్గిపుల్ల గీసి ఇంటికి వెళ్ళిపోవడం అక్కడి అలవాటు. నేల శుభ్రం, పని సులువు. కాని ఆకు కాలిన నేలకి ఎండ సూటిగా తగులుతుంది. తొలకరి ఆలస్యమైతే పిలక మాడిపోతుంది. అదే ఆకుని సాళ్ళ మధ్య పరిస్తే చెమ్మ నిలుస్తుంది, పిలకని తొలిచే పీకపురుగు కూడా తగ్గుతుంది. మా ఉద్యోగమల్లా ఆ ఆకు కాల్చకండి, పరవండి అని చెప్పడం. చెప్పడం నాకు బాగా వచ్చు. వినడమే వాళ్ళకి రాలేదు.

తెల్ల ఎలుగుబంటి

మా కేన్ ఆఫీసరుని ప్రభాకరరావుగారు అందాం. చెడ్డమనిషి కాదు. ఆయన చొక్కా ఇస్త్రీ మడత మీద వేలు పెడితే తెగి రక్తం వచ్చేది, అంతే. ఆయన విశాఖపట్నంలో శిక్షణకి వెళ్ళి, భూమి వేడెక్కుతున్న సంగతి తెలుసుకుని, బొమ్మలు చూపించే యంత్రంతో తిరిగొచ్చారు. మర్నాడే ఆ ఊరి బడి గోడ మీద తెల్ల ఎలుగుబంటి ప్రత్యక్షమైంది. మంచుపెళ్ళ మీద ఒంటరిగా నిలబడి దిక్కులు చూస్తోంది.

"ఓలమ్మో, ఎంత తెలుపో! దీనికి నీల్లు పొయ్యాలంటే ఎన్ని బిందెలు కావాలో!" అంది వెనకనుంచి పైడమ్మ. ఆవిడ రైతు అప్పలనాయుడి తల్లి. తరువాత ఆవిడతో చాలా పని ఉంది, గుర్తుంచుకోండి.

"మంచు కరిగిపోతోంది. ఈ జంతువు చచ్చిపోతుంది" అన్నారు సారు గంభీరంగా.

అప్పలనాయుడు లేచాడు. "బాబూ, తెల్లదానికి మీరు బెంగెట్టుకున్నారు, బాగుంది. మా జీడితోటలోకి నల్లదొకటి వత్తంది. దాన్ని కూడా ఆ మంచులోకి అంపీయండి. రెండూ కలిసి కాలక్షేపం సేత్తాయి."

బడి పైకప్పు పెంకులు లేచిపోయేలా నవ్వారు జనం. సారుకి మండింది. "నవ్వకండి. మీరు ఇక్కడ ఆకు కాల్చబట్టే అక్కడ మంచు కరుగుతోంది!"

దేవదానం చెయ్యెత్తాడు. ఊరి చివర కొద్దిపాటి చెరకు వేసుకుని బతికే మనిషి. ఆదివారం చర్చిలో ఆయన పాట ఎత్తుకుంటే పక్కూరి వాళ్ళు గడియారం సరిచేసుకునేవారు. "అయ్యా, మా ఊరి పొగ సబ్బవరం ఎల్లడానికే ఆయాసపడిపోద్ది. అంత దూరం ఎలాగెల్లిందండీ?"

సభ ముగిసింది. పిల్లలూ, ఇది రాసి పెట్టుకోండి. చీడికాడ రైతుకి ఎలుగుబంటి మీద జాలి పుట్టించడం అసాధ్యం కాదు, అనవసరం. అతని నేలలోకి రాని ఏ విపత్తూ అతనికి బొమ్మే. మనిషిని నేరస్థుణ్ణి చేసి సహాయం అడగకూడదు. అందులోనూ ఆ నేరం అతనిది కానప్పుడు.

ఆదర్శ క్షేత్రం

నవ్వులపాలైన ఆఫీసరు ఊరుకోడు, బోర్డు పెడతాడు. ఊరికొక ఆదర్శ రైతుని ఎంచి, అతని తోటలో ఆకు పరిపించాలని సారు నిర్ణయించారు. ఆ ఊళ్ళో దేవదానం తోటని ఎంచారు. కారణం నేల కాదు, మనిషి కాదు. తోట రోడ్డు పక్కన ఉంది, జీపులోంచి కనిపిస్తుంది.

"సార్, చుట్టూ ఉన్నవాళ్ళు తగలబెడతారు కదా" అన్నాను.

"అందుకేనయ్యా, మన ఆదర్శం వాళ్ళకి కనిపించాలి" అన్నారు.

దేవదానం, అతని భార్య సుగుణమ్మ నడుములు విరిగేలా ఆకు పరిచారు. ఏనుగు పడుకున్నా నడుం నొప్పి రానంత మెత్తగా పరిచారు. "ఆదర్శ క్షేత్రం" అని పచ్చరంగు బోర్డు పెట్టాం. పిలకలు మొలిచాయి.

గట్టుకి అవతల తోట అప్పలనాయుడిది. ఆయన తన చెరకు నరికించుకుని, ఏటా చేసినట్టే అగ్గిపుల్ల గీశాడు. పడమటి గాలి తిరిగింది. మంట గట్టు దాటింది. నేను మోపెడ్‌తో పరుగెత్తుకుని వెళ్ళేసరికి దేవదానం తోటలో ఆకూ లేదు, పిలకా లేదు. నల్లటి బూడిద మధ్య బోర్డొక్కటే పచ్చగా నిలబడి ఉంది.

"గాలి మల్లింది బావా, నానేటి సేత్తాను?" అంటున్నాడు అప్పలనాయుడు. వాళ్ళిద్దరూ చిన్నప్పటినుంచి బావా అంటే బావా అనుకునేవాళ్ళు. క్రిస్మస్‌కి ఈ ఇంట్లో తిని, పండగకి ఆ ఇంట్లో తినేవాళ్ళు.

దేవదానం నెమ్మదిగా, "గాలికి అగ్గిపెట్టి ఎవులిచ్చారండి, నాయుడుగారూ?" అన్నాడు.

అక్కడ ఒక మగాడు ఇంకో మగాణ్ణి తిడితే స్నేహం ఉందని అర్థం. గారూ అని, అండీ అని మర్యాద చేశాడంటే ఇక లేదని అర్థం. ఆ రోజునుంచి ఏడాది పొడుగునా దేవదానం ఆయన్ని నాయుడుగారూ అనే పిలిచాడు. ఆ మర్యాద తినలేక అప్పలనాయుడు సగమైపోయాడు. అంటే నా కొలతలో సగం.

బోర్డు పీకేయమని సారు కబురు పంపారు. నేను పీకాను. ఉద్యోగం మొత్తంలో నేను నేర్చుకున్న పాఠం ఆ బోర్డు కింద గుంటలో దొరికింది. అందరూ నిప్పు పెట్టే చోట ఒక్కడిని ఆదర్శంగా నిలబెట్టడమంటే, వాణ్ణి గడ్డివాము మీద కూర్చోబెట్టడం. మంచిపని ఒంటరిగా చేయించకూడదు.

బెల్లం పాకలో

మరుసటి ఏడు నరుకుళ్ళ కాలంలో ఊరి బెల్లం పాకకి వెళ్ళాను. చక్కెర ఫ్యాక్టరీ మనిషి బెల్లం పాకలో కనిపించడమంటే, ఫ్యాక్టరీకి రావలసిన చెరకు అక్కడికి పోతోందని మండిపడే మా ఆఫీసు దృష్టిలో, శత్రుదేశంలో విందుకి కూర్చోవడం. కాని ఆ రోజుల్లో ఊరంతా దొరికే చోటు అదే. పెనంలో పాకం కుతకుతలాడుతోంది. అప్పలనాయుడు తెడ్డుతో కలుపుతున్నాడు. దేవదానం వీలైనంత దూరంగా, పిప్పి కుప్ప మీద కూర్చున్నాడు. పైడమ్మ మూల చతికిలబడి అడ్డపొగ పీలుస్తోంది. చుట్ట వెలిగించి, మండే కొసని నోటిలోపల పెట్టుకుని కాల్చడమన్నమాట. మా వైపు ముసలమ్మలకి అదొక విద్య. ఆరోగ్యానికి చాలా చెడ్డది, నేర్చుకోకండి.

"ఏటి, ఈసారి ఏ జంతువుని అట్టుకొచ్చేవు?" అంది పైడమ్మ, చుట్ట తీయకుండానే.

"జంతువు లేదు పిన్నీ. ఒక నిజం తెచ్చాను" అన్నాను. నా నోట ఆ మాట వినగానే కొందరు లేచి నిలబడ్డారు.

"మీ ఆకు పొగ వల్ల లోకం వేడెక్కలేదు. ఆకు కాలిస్తే పైకిపోయిన దాన్ని మళ్ళీ ఏడు పెరిగే చెరకే చాలామటుకు లాక్కుంటుంది. భూమిలోంచి తవ్వి కాల్చిన బొగ్గుకీ పెట్రోలుకీ అలా లాక్కునే తోట లేదు. తరాల తరబడి అవి కాల్చిన దేశాలు, ఫ్యాక్టరీలు, బళ్ళు, వాటి పొగంతా పైన దుప్పటిలా పేరుకుంది. వేసవిలో దుప్పటి కప్పుకుని పడుకున్నట్టుంది భూమికి."

"అయితే తప్పు ఆల్లది, పని మాదా?" అన్నాడు అప్పలనాయుడు.

"అవును. న్యాయం కాదు. ఆ దుప్పటి పలచన చేయమని అడగవలసినవాళ్ళని అడుగుతూనే ఉండాలి, మా ఫ్యాక్టరీ గొట్టంతో సహా. కాని ఎండ వాళ్ళ నెత్తిన మాత్రమే పడదు. ఈ చెరకు మీది."

ఎవరూ నవ్వలేదు. అప్పుడు దేవదానం అన్నాడు: "నాను నమ్ముతాను. గాని నా ఒక్క తోటలో మరి పరవను. కాలవకి ఇవతలున్న తోటలన్నీ పరిస్తే పరుత్తాను. ఈ ఏడు కూడా కార్శి పోయిందంటే దుబ్బులు పీకీసి, నానూ సుగుణా సబ్బవరం ఇటుకబట్టీకి ఎల్లిపోతాం. అంతే."

సుగుణమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. చెమటే అన్నారు అందరూ.

"నాను కాల్చను" అన్నాడు అప్పలనాయుడు పెనంలోకి చూస్తూ.

"ఎవుల్తో సెప్తన్నారండి?"

"పాకంతో సెప్తన్నాను."

"పాకం విందా అండి?"

"ఇంది. దానికి మర్యాద తెల్దు కాబట్టి తొరగా ఇంటాది."

అందరూ ఒక్కసారిగా నవ్వారు, దేవదానం తప్ప. కాలువకు ఇవతల ఉన్నవాళ్ళు ఒక్కొక్కరూ ఒప్పుకున్నారు. అంతలో సుగుణమ్మ అడిగింది, "ఆకు సరే. బీడీలో?"

మగాళ్ళందరి చేతులూ చెవుల మీదికి వెళ్ళాయి, అక్కడ దోపుకున్న బీడీలని కాపాడుకోవడానికి. ప్రపంచ వాతావరణం మీద ఒప్పందాలు ఎందుకు కుదరవో ఆ క్షణంలో నాకు తెలిసిపోయింది. ఎదుటివాడి మంట ఆర్పడానికి అందరం సిద్ధమే.

పైడమ్మ లేచి నిలబడింది. నోటిలోంచి పొగ వదిలి అంది: "కాలవకి ఇవతల అగ్గంటూ ఉంటే నా నోట్లో ఉండాల. ఇంకెక్కడ కనిపించినా ఊరుకోను. ఒరే అప్పలనాయుడా, ఆ బీడీ ముందు నువ్వు తియ్యి."

కాపలా

మర్నాటినుంచి కాలువ గట్టు మీద చేతికర్రతో పైడమ్మ కూర్చుంది. దేశ సరిహద్దులో కూడా అంత తనిఖీ ఉండదు. బీడీలూ అగ్గిపెట్టెలూ ఆవిడ బుట్టలో పడేసి తోటలోకి వెళ్ళాలి, వచ్చేటప్పుడు తీసుకోవాలి. ఎవరి బీడీలు ఎవరు తీసుకున్నారన్న తగాదాలు అసెంబ్లీ స్థాయిలో నడిచేవి. నరకడానికి వచ్చినవాళ్ళ పశువులకి మేతగా చెరకు మొవ్వులు ఇచ్చి, ఆకు పరిచే పని కూడా వాళ్ళ చేతే ఊరు చేయించుకుంది. కాలువకు ఇవతల తోటలన్నీ బంగారు రంగు చాప పరిచినట్టు అయిపోయాయి.

ఒకరోజు ప్రభాకరరావుగారు జీపులో వచ్చారు. వేళ్ళ మధ్య సిగరెట్టు వెలుగుతోంది. పైడమ్మ కర్ర అడ్డం పెట్టింది.

"నేనెవరో తెలుసా?" అన్నారు సారు.

"తెల్సు బాబూ, ఎలుగుబంటి బాబువి. ఆ సిగరెట్టు తిరగేసి నోట్లో ఎట్టుకోగలవా?"

"ఏమిటీ?"

"నాలాగ. ఎట్టుకుంటే రా. లేపోతే ఆర్పీసి నడిచి రా."

సారు నావైపు చూశారు. నేను ఆకాశంలో మబ్బుల కోసం వెతుకుతున్నాను. ఆయన సిగరెట్టు కాలువలో పారేసి, ఇస్త్రీ చొక్కాతో తోటంతా నడిచారు. ఆ రోజే ఆయన మొదటిసారి జీపులోంచి కాకుండా తోటని చూశారు. చివర గట్టు మీద కూర్చుని, "ఈసారి బోర్డు వద్దులే" అన్నారు. నా దృష్టిలో ఆయనకి ప్రమోషన్ వచ్చింది ఆ రోజే.

గునపం

ఆ ఏడు నైరుతి బద్ధకించింది. కాలువ ఎండి, అందులో మేకలు పడుకున్నాయి. బావుల్లో బిందె వేస్తే నీళ్ళ చప్పుడుకి బదులు రాతి చప్పుడు వచ్చేది. చుట్టుపక్కల ఊళ్ళలో కాల్చిన తోటలు ఎర్రబడి, ఆ పైన తెల్లబడ్డాయి. కార్శి దుబ్బులు పీకి గట్టున పడేస్తున్నారు. మా ఊళ్ళోనూ గుసగుసలు మొదలయ్యాయి. ఆకు కింద పాములు చేరాయన్నారు, వేరు కుళ్ళిందన్నారు. పైకి చూస్తే పిలకలు పచ్చగానే ఉన్నాయి. కాని పైకి పచ్చగా ఉండి లోపల పోయిన తోటల్ని వాళ్ళు చూసి ఉన్నారు.

ఒక ఆదివారం ప్రార్థన అవగానే దేవదానం గునపం భుజాన వేసుకుని తోటకి బయల్దేరాడు. వెనక సుగుణమ్మ, ఆమె వెనక అప్పలనాయుడు, ఆయన వెనక ఊరు. నేను మోపెడ్ తోసుకుంటూ. నేల లోపల ఎండిపోయి ఉంటే ఆ రోజే దుబ్బులు పీకేస్తానని చర్చి గుమ్మంలోనే చెప్పాడు. ఇటుకబట్టీకి మూట కూడా కట్టుకున్నారు.

తోట మధ్యలో ఆగి, ఆకు పక్కకి తీసి, గునపం ఎత్తి ఒక్క పోటు పొడిచాడు. ఎండిన నేల మీద గునపం పడితే ఠంగుమనాలి. చప్పుడు రాలేదు, మెత్తగా దిగిపోయింది. దేవదానం వంగి, ఆ గుంటలో చెయ్యి పెట్టి మట్టి తీశాడు. నల్లగా, వేళ్ళకి అంటుకుంటూ వచ్చింది. పిడికిలి బిగించి తెరిస్తే ముద్ద విరగలేదు. ఆ ముద్దని సుగుణమ్మ చేతిలో పెట్టాడు. ఆవిడ చెంపకి ఆనించుకుని, "సల్లగుంది" అంది. అక్కణ్ణుంచి అది చేతులు మారుతూ ఊరంతా తిరిగింది, ప్రసాదంలా ఒకరికి, ప్రభువు బల్లలోని రొట్టెలా ఇంకొకరికి. పైడమ్మ వాసన చూసింది.

సరిగ్గా అప్పుడు వాన పడింది. వాన అంటే చినుకులు కాదు. ఆకాశం బొక్కెనలు కాదు, బావుల్నే ఎత్తి బోర్లించింది. మేకలు కాలువలో ఈత కొట్టాయి. పైడమ్మ చుట్ట నోట్లోపల ఉండబట్టి ఆరిపోలేదు. నా మోపెడ్ కొట్టుకుపోతుంటే సారు చొక్కా మొదటిసారి నలిగింది. దేవదానం అప్పలనాయుడి వైపు తిరిగి ఏదో అన్నాడు. ఆ వాన హోరులో ఎవరికీ వినపడలేదు.

ఆ ఏడు వాళ్ళ చెరకు ఎంత ఎత్తు పెరిగిందంటే, చివళ్ళు చూడాలంటే తలపాగా పడిపోయేది. పక్క ఊళ్ళవాళ్ళు వరసకట్టి వచ్చి, పైడమ్మ బుట్టలో బీడీలు పడేసి, తోటలు చూసి వెళ్ళారు. తరువాతి నరుకుళ్ళ కాలంలో నేను అటు వెళితే, అప్పటిదాకా పొగతో నిండే ఆ దిక్కున కొండలు కనిపించాయి. ఆ కొండలు అక్కడున్నాయని నాకు ఉద్యోగంలో చేరిన అన్నేళ్ళకి తెలిసింది.

దీనితో లోకం చల్లబడిందా? లేదు. పైన దుప్పటి అలాగే ఉంది, ఇంకా మందమవుతోంది. దాని సంగతి పెద్ద గొట్టాల దగ్గరే తేలాలి. కాని వేడెక్కిన లోకంలో ఒక ఊరు తన నేలని కాపాడుకుంది, అందరూ కలిసి కాపాడుకుంది. ఉద్యోగం ఎందుకు చేశానని ఎవరైనా అడిగితే నేను చూపించే కాగితాలేవీ లేవు. ఆ కొండలున్నాయి.

కల్పించింది ఏది

మీరందరూ పైడమ్మని అనుమానించి ఉంటారు. పైడమ్మ నిజం. జీపు ఆపడం నిజం, సిగరెట్టు నిజం, తెల్ల ఎలుగుబంటి నూటికి నూరుపాళ్ళూ నిజం.

నేను కల్పించింది వానని.

ఆ ఆదివారం వాన పడలేదు. ఆకాశంలో మబ్బు తునక లేదు. సారు ఆ రోజు ఊళ్ళోనే లేరు, ఆయన చొక్కాని నేనే తడిపాను. ఆ తరువాతి ఆదివారమూ పడలేదు, ఆ తరువాతిదీ పడలేదు. చాలా ఆలస్యంగా, అందరూ ఎదురుచూడడం మానేశాక వచ్చింది. అన్నాళ్ళూ ఆ తోటలు ఆకు కింది చెమ్మతోనే పచ్చగా నిలబడ్డాయి. ఇన్నేళ్ళుగా ఈ కథ చెప్పినప్పుడల్లా అక్కడ వానని దింపుతున్నాను. ఎందుకంటే, వాన లేకుండా బతికాయంటే ఇది నా మరో కోత అనుకుని జనం లేచిపోతున్నారు. జీవితంలో నేను జరిగినదానికన్నా తగ్గించి చెప్పింది ఇదొక్కటే.

వాన హోరు లేదు కాబట్టి, దేవదానం అప్పలనాయుడితో అన్న మాట ఆ రోజు అందరికీ స్పష్టంగానే వినపడింది. ఎండ మాడ్చేస్తోంది. అతను గునపం నేలలోంచి పీకి, మట్టి దులిపి, చెయ్యి చాపాడు.

"బరువుగుంది. ఇంటిదాకా పట్టుకో, బావా."